కోతి కూడా పిల్లని వదలదట!

"కోతి కూడా పిల్లని పొట్టకి కరిపించుకునే తిరుగుతుంది. ఇంత చదువుకున్నావు, నీకా మాత్రం తెలీదుటే అమ్మాయ్?"

ఈ మాట నాతో అన్నది మా పెద్దత్తగారు, 1994లో. అప్పుడే నాకు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ ఇచ్చిన ఊరికి మా ఇంటి నుంచి మూడు బస్సులు మారాలి. పాపకి నాలుగో నెల. పాపని మా అమ్మ దగ్గర దించి నేను ఉద్యోగంలో చేరాను. శనివారం సాయంత్రం బస్సెక్కి అమ్మ దగ్గరికి వెళ్ళడం, సోమవారం తెల్లవారుజామున తిరుగు బస్సు పట్టుకోవడం. దారిలో ఎవరి పిల్ల ఏడ్చినా నాకు పాలు చేపి రవిక తడిసిపోయేది. పుస్తకాల సంచీ గుండెలకి అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని.

పెద్దత్తగారి మాటకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. విచిత్రమేమిటంటే నేను క్లాసులో చెప్పేదే ఈ పాఠం. కోతులు, తోకలేని కోతులు, మనిషి, పరిణామం. అంత చదివిన నాకు కోతి పిల్లని వదులుతుందా వదలదా అన్నది తెలియదు. ఏ పుస్తకంలోనూ లేదు మరి. పుస్తకాల్లో పుర్రెల కొలతలున్నాయి, దవడలున్నాయి, రాతి పనిముట్లున్నాయి. పిల్లని ఎవరు ఎత్తుకున్నారన్న సంగతి మాత్రం లేదు.

ఆ ప్రశ్నకి జవాబు నాకు చాలా ఏళ్ళ తర్వాత సారా బ్లాఫర్ హర్డీ పుస్తకాల్లో దొరికింది. ఆమె అమెరికన్ ఆంత్రొపాలజిస్టు. మన దేశానికి వచ్చి, రాజస్థాన్‌లోని మౌంట్ అబూలో కొండముచ్చుల్ని చూసిన మనిషి. ఆమె రాసినవాటిలో నన్ను ఊరడించింది ఏమిటో, ఊరడించలేకపోయింది ఏమిటో రెండూ చెప్పాలని ఈ వ్యాసం.

ముందు మన సంగతి. కోతిని చూపించి మనుషులకి నీతి చెప్పడం మనకి కొత్త కాదు. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. పిల్లి తన కూనని తనే నోట కరుచుకుని తీసుకెళ్తుంది, కూన ఏమీ చెయ్యక్కర్లేదు. కోతిపిల్ల మాత్రం తనే తల్లిని గట్టిగా పట్టుకోవాలి. భక్తుడు దేవుణ్ణి ఎలా పట్టుకోవాలో చెప్పడానికి వైష్ణవ పెద్దలు చేసిన పోలిక ఇది. ఎవరు చూసి చెప్పారో గానీ, చాలా సరిగ్గా చూశారు. కోతుల్లో పట్టుకునేది పిల్ల. పెద్దత్తగారి మాటలో మాత్రం అది తిరగబడింది. పిల్ల పట్టు తల్లి ధర్మమైపోయింది.

శాస్త్రం చేసిన పని కూడా చాలాకాలం ఇలాగే ఉంది. మా కాలేజీ ల్యాబు గోడమీద ఒక చార్టు ఉండేది. మీరూ చూసే ఉంటారు. ఎడమ నుంచి కుడికి ఒకరి వెనక ఒకరు నడుస్తుంటారు. మొదట వంగిన కోతి లాంటిది, చివర నిటారుగా నిలబడ్డ మనిషి. 1965లో 'ఎర్లీ మ్యాన్' అనే పుస్తకం కోసం రుడాల్ఫ్ జాలింగర్ వేసిన బొమ్మకి నకళ్ళకి నకలు అది. ఆ నడకలో ఆడవాళ్ళు లేరు. చంకన పిల్ల లేదు. అందరూ చేతులూపుకుంటూ నడుస్తున్నారు. ఇన్ని లక్షల ఏళ్ళు నడిచినా ఒక్కడూ పిల్లని ఎత్తుకోలేదన్నమాట! ఆ చార్టు ముందు నిలబడి నేను ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను, నాకూ తట్టలేదు. ఇంకో తప్పు కూడా ఉంది అందులో. మనం ఇప్పుడున్న కోతుల నుంచి పుట్టలేదు. చింపాంజీలకీ మనకీ అరవై, డెబ్బై లక్షల ఏళ్ళ కిందట ఉమ్మడి పూర్వీకులు ఉండేవారు. కొండముచ్చులతో మన చుట్టరికం రెండున్నర కోట్ల ఏళ్ళకి పైబడినది. అది వరసగా సాగిన నడక కాదు, కొమ్మలు చీలిన చెట్టు.

కోతుల్ని చూసినవాళ్ళు ఏం చూశారో కూడా చెప్పుకోవాలి. 1925లో లండన్ జూలో 'మంకీ హిల్' అని రాళ్ళగుట్ట ఒకటి కట్టి, దాదాపు వంద బబూన్లని వదిలారు. అవి దాదాపు అన్నీ మగవే. 1927లో మరో 30 ఆడవాటిని తెచ్చి వదిలారు. వాటికోసం మగవాటి మధ్య జరిగిన పోట్లాటల్లో ఆ ఆడవి చాలావరకు చచ్చిపోయాయి. దీన్ని చూసి సాలీ జుకర్‌మన్ 1932లో కోతుల సాంఘిక జీవితం మీద పుస్తకం రాశాడు. సమాజాన్ని కట్టి ఉంచేది కామం, మగవాడి పెత్తనం అని దాని సారం. తప్పించుకోవడానికి దారిలేని చోట అన్ని మగవాటి మధ్య గుప్పెడు ఆడవాటిని పడేసి, జరిగిన చావుల్ని 'ప్రకృతి' అన్నారు. అది చదువుతుంటే నాకు జూ గుర్తు రాలేదు, మనకి తెలిసిన కొన్ని ఇళ్ళు గుర్తొచ్చాయి.

తర్వాత 1966లో షికాగోలో 'మ్యాన్ ద హంటర్' పేరుతో పెద్ద సదస్సు జరిగింది. మనిషిని మనిషిని చేసింది వేట అన్నారు. వేట వల్ల పనిముట్లు, వేట వల్ల సహకారం, వేట వల్ల తెలివి. ఆడవాళ్ళేం చేస్తున్నారు? మాంసం వస్తుందని గుహ దగ్గర ఎదురుచూస్తున్నారు. తమాషా ఏమిటంటే ఆ సదస్సు నిర్వాహకుల్లో ఒకరైన రిచర్డ్ లీ కలహారి ఎడారిలో సేకరించిన లెక్కల ప్రకారమే అక్కడివాళ్ళ తిండిలో సగానికి పైగా ఆడవాళ్ళు ఏరి, తవ్వి తెచ్చిన కాయా గింజా దుంపే. లెక్క ఒకటి చెబుతుంటే పుస్తకానికి పేరు మరొకటి పెట్టారు. 1970ల మొదట్లో శాలీ స్లోకమ్ అనే యువ పరిశోధకురాలు ఈ సంగతే అడిగింది. వేటాడే మగవాడి మీదే సిద్ధాంతం కడితే మనుషుల్లో సగం మంది పరిణామం చెందనట్టేనా అని. మొట్టమొదటి పనిముట్టు ఈటె కాకపోవచ్చు, పిల్లని కట్టుకునే జోలె, దుంపలు తెచ్చుకునే బుట్ట కావచ్చు అంది. ఈటె మొన రాయి కాబట్టి మిగిలింది. జోలె మట్టిలో కలిసిపోయింది. మన చరిత్రంతా ఇలాగే కదా రాశారు.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది. గుంపుని చూడటానికి వెళ్ళినవాళ్ళ కన్ను ముందు ఎక్కడ పడుతుంది? అరుపులు, కొట్లాట ఉన్నచోట. అంటే ఎక్కువగా మగ కోతుల దగ్గర. కెన్యాలోని అంబోసెలిలో బబూన్లని చూసిన జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఒక పరిశోధనా వ్యాసం రాసింది. గుంపులో ఒక్కొక్క జంతువునీ ఎంచుకుని, ఇంతసేపు అని ముందే నిర్ణయించుకుని, అది ఏం చేస్తే అది రాయాలి. నిద్రపోతే నిద్రపోయిందని రాయాలి, పేలు చూస్తుంటే పేలు చూస్తోందని రాయాలి. ప్రతి జంతువుకీ సమానంగా సమయం ఇవ్వాలి. ఇందులో నినాదం ఏమీ లేదు. గడియారం, కాగితం అంతే. కానీ దాంతో గుంపు మధ్యలో నిశ్శబ్దంగా ఉన్న ఆడవి కనబడ్డాయి. స్త్రీవాద విమర్శకి ఇంతకన్నా మంచి పాఠం నేను చదవలేదు. ఎవరు గట్టిగా అరుస్తున్నారో చూడటం మానేసి, అందరి వైపూ సమానంగా చూడటం.

హర్డీ మౌంట్ అబూకి వచ్చింది 1971లో. ఆమె గురువు ఇర్వెన్ డివోర్, 'మ్యాన్ ద హంటర్' సంపాదకుల్లో రెండో ఆయన. అంతకు పదేళ్ళ ముందు ధార్వాడ దగ్గర యుకిమారు సుగియామా అనే జపాన్ శాస్త్రవేత్త ఒక విషయం చూశాడు. బయటి మగ కొండముచ్చు వచ్చి గుంపుని ఆక్రమించుకుంటే, అందులోని చంటిపిల్లల్ని చంపేస్తుంది. ఊళ్ళు పెరిగి ఇరుకైపోవడం వల్ల వాటికి పిచ్చి పట్టిందేమో అనుకుని, అదే తేల్చడానికి హర్డీ వచ్చింది. ఏళ్ళ తరబడి వచ్చి చూశాక ఆమె అనుకున్నది తప్పని తేలింది. పిచ్చి కాదు, ఇరుకూ కాదు. పిల్ల పోతే తల్లి మళ్ళీ త్వరగా ఎదకొస్తుంది, కొత్త మగవాడికి తన పిల్లలు పుడతారు. ఆ లెక్క ఉన్న మగవాళ్ళ సంతానమే మిగిలింది. 1977లో వచ్చిన 'ద లంగూర్స్ ఆఫ్ అబూ' పుస్తకంలో ఇది రాస్తే పెద్దవాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు. జంతువులు తమ జాతి మేలు కోసమే పనిచేస్తాయని అప్పటిదాకా చెప్పుకున్న కథకి ఇది అడ్డం వచ్చింది.

ఆ పుస్తకంలో నాకు ముఖ్యమైంది చంపడం ఒక్కటే కాదు. ఆడవి ఊరికే చూస్తూ కూర్చోవు. గర్భంతో ఉన్న ఆడవి కూడా ఎదకొచ్చినట్టు ప్రవర్తించి కొత్త మగవాడితో కలుస్తాయి. గుంపు బయటి మగవాళ్ళతోనూ కలుస్తాయి. పుట్టిన పిల్ల ఎవరిదో మగవాడికి తేలకపోతే చంపే అవకాశం తగ్గుతుంది. ఆడది ఒక్కడినే కోరుకుంటుంది, సిగ్గుపడుతుంది, ఆగుతుంది అని 1871లో డార్విన్ రాసిన మాట దగ్గర్నుంచి వస్తున్న నమ్మకాన్ని మన అబూ కొండమీది కొండముచ్చులు తోసేశాయి. హర్డీ 1981లో రాసిన 'ద వుమన్ దట్ నెవర్ ఇవాల్వ్‌డ్' ఈ సంగతి మీదే. సిగ్గరి, పోటీ ఎరగనిది, మగవాడి కోసం ఎదురుచూసేది అయిన ఆ స్త్రీ ఎన్నడూ పరిణామంలో లేనే లేదు, ఆమె రాసేవాళ్ళ ఊహలో మాత్రమే ఉంది అంటుంది.

సోల్ అని పేరు పెట్టిన ఒక ముసలి ఆడ కొండముచ్చు ఉంది ఆ పుస్తకంలో. పిల్లలు కనే వయసు దాటిపోయింది. మామూలు రోజుల్లో గుంపుకి ఓ పక్కగా ఒంటరిగా తిరుగుతుంటుంది. కొత్త మగవాడు చంటిపిల్ల మీద పడ్డ రోజున, వాడికి ఎదురెళ్ళి పోట్లాడింది ఆ ముసలిది. ఇది చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

కానీ హర్డీ దగ్గర నేను నిజంగా నేర్చుకున్నది మరొకటి. ఆమె తనకి నచ్చనివాటిని కూడా రాసింది. ఆడవి ఒకదానితో ఒకటి పోటీ పడతాయని, ఒకదాని పిల్లని మరొకటి మొరటుగా లాగుతుందని, తల్లి కూడా అన్నివేళలా తల్లి కాదని రాసింది. మనలో కొందరికి బొనోబోలంటే ప్రాణం. ఆఫ్రికాలోని కాంగోలో ఉండే తోకలేని కోతులు అవి. ఆడవి జట్టుకట్టి మగవాటిని అదుపులో పెడతాయి. "చూశారా, ప్రకృతిలో స్త్రీల రాజ్యం!" అని మీటింగుల్లో చెప్పడం నేను విన్నాను, నేనూ చెప్పాను. కానీ బొనోబోలకీ చింపాంజీలకీ మనతో చుట్టరికం సమానమే. బొనోబోని చూపించి మనం గెలిస్తే చింపాంజీని చూపించి అవతలివాడు గెలుస్తాడు. టాంజానియాలోని గోంబెలో జేన్ గూడాల్ 1960 నుంచి చూసిన చింపాంజీల్లో, 1970ల మధ్యలో ఒక తల్లీకూతుళ్ళు వేరే తల్లుల పిల్లల్ని లాక్కుని చంపి తిన్నాయి. వాటిని ఏ నీతికి వాడతాం? జంతువు చేసింది కాబట్టి మనం చెయ్యాలనో, చెయ్యకూడదనో అనడం మొదలుపెడితే శిశుహత్య కూడా ఆ జాబితాలో ఉంటుంది. పెద్దత్తగారి వాదంలో తప్పు అక్కడే ఉంది. నా బొనోబో వాదంలోనూ అదే తప్పు.

అయినా ఆమె మాట నిజమో కాదో తేల్చుకోవాలి కదా. తేల్చుకున్నాను. ఊళ్ళో మన గోడలమీద తిరిగే ఎర్రమూతి కోతులున్నాయే, వాటి విషయంలో ఆవిడ చెప్పింది చాలావరకు నిజం. తల్లి చంటిపిల్లని ఇంకొకరి చేతికి ఇవ్వడానికి ఒప్పుకోదు. చింపాంజీ తల్లి అయితే మొదటి కొన్ని నెలలు పిల్లని ఎవరినీ తాకనివ్వదు. గోంబెలో జరిగింది తెలిశాక ఎందుకో అర్థమవుతుంది. కానీ కొండముచ్చు అలా కాదు. ఊళ్ళలో కోతుల బెడద ఎక్కువై, వాటిని తరమడానికి కొండముచ్చుని తెచ్చి కట్టేయడం మనవాళ్ళు చాలాచోట్ల చేశారు. చట్టప్రకారం తప్పే అయినా చేశారు. ఆ నల్లమూతి కొండముచ్చే అబూలో పుట్టిన మొదటి రోజుల్లోనే తన పిల్లని వేరే ఆడవాటి చేతికి ఇస్తుంది. పిల్ల నల్లగా ఉంటుంది, పెద్దవి బూడిదరంగు. ఆ నల్లపిల్ల ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి మారుతుంటే దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. తల్లి ఈలోగా ఆకులు మేసుకుంటుంది. పిల్ల కేర్‌మంటే వచ్చి తీసుకుంటుంది. అంటే కోతి వదలదు, కొండముచ్చు వదులుతుంది. మన తెలుగులో రెంటికీ వేరువేరు పేర్లున్నాయి, సామెత చెప్పేవాళ్ళు మాత్రం ఒకదాన్నే చూశారు.

మరి మనిషి? 2009లో వచ్చిన 'మదర్స్ అండ్ అదర్స్' పుస్తకంలో హర్డీ దీనికి జవాబు చెబుతుంది. మనిషి పిల్ల పట్టుకోలేదు. పుట్టినప్పుడు వేలు పెడితే గుప్పెట బిగిస్తుంది, అది పాత చుట్టరికపు గుర్తు. కానీ పట్టుకోవడానికి తల్లి ఒంటిమీద బొచ్చు లేదు, పిల్లకి ఆ బలమూ లేదు. మర్కట కిశోర న్యాయం మన పిల్లలకి చెల్లదు! తల్లి చేతులతో మోయాలి, లేదా ఎవరికైనా ఇవ్వాలి, లేదా కింద పడుకోబెట్టాలి. చింపాంజీ తల్లి ఒక్కతే పెంచుతుంది కాబట్టి రెండు కాన్పుల మధ్య అయిదారేళ్ళు పడుతుంది. వేటా సేకరణతో బతికే మనుషుల్లో అది మూడు, నాలుగేళ్ళు. పైదాన్ని మోస్తూనే కిందిదాన్ని కంటాం. ఒక మనిషి పిల్ల తన తిండి తను సంపాదించుకునే వయసుకి రావడానికి కోటీ ముప్ఫై లక్షల దాకా కేలరీలు కావాలని ఆమె చెప్పే లెక్క. ఏ తల్లీ ఒంటిచేత్తో అంత సంపాదించి పెట్టలేదు. అమ్మమ్మలు, పిన్నులు, అక్కలు, తండ్రులు, ఇరుగుపొరుగు ఉన్నందుకే ఈ జాతి బతికి బట్టకట్టింది. 1980ల నుంచి టాంజానియాలో హడ్జా జాతివాళ్ళ దగ్గర పనిచేసిన క్రిస్టెన్ హాక్స్, ఆమె సహచరులు చూసింది కూడా ఇదే. కూతురు బాలింతగా ఉన్నప్పుడు పైపిల్లల కడుపు నింపింది అమ్మమ్మ తవ్వి తెచ్చిన దుంపలు.

ఇంకా ఒక అడుగు ముందుకి వేస్తుంది హర్డీ. ఎవరి ఒళ్ళోకి వెళ్ళినా బతకాల్సిన పిల్ల ముఖాలు చదవడం నేర్చుకోవాలి. ఎవరు నవ్వుతున్నారు, ఎవరు తీసుకుంటారు, ఎవరు పట్టించుకోరు. ఎదుటివారి మనసు అర్థం చేసుకునే మన గుణం వేటలో పుట్టలేదు, పదిమంది చేతుల్లో పెరిగిన పసిపిల్లల్లో పుట్టింది అంటుంది. ఇది ఋజువైన సత్యం కాదు, వాదన. ఎదురువాదాలున్నాయి. కానీ వేట కథకన్నా ఎక్కువ మందిని లెక్కలోకి తీసుకున్న వాదన.

ఇది చదివిన రాత్రి నేను ఏడ్చాను. నా తప్పు లేదని ఎవరో చెప్పినట్టయింది. పిల్లని అమ్మ దగ్గర వదిలిన నేను మనిషి జాతి చేసే పనే చేశాను. పెద్దత్తగారు అప్పటికి లేరు, లేకపోతే వెళ్ళి చెప్పేదాన్ని.

కొన్నాళ్ళకి మళ్ళీ చదివాను. ఈసారి పుస్తకం పేరులోని 'అదర్స్' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ ఇతరులు ఎవరు?

మొదటిది మా అమ్మ. అప్పటికి ఆమెకి నలభై ఎనిమిదేళ్ళు. మిషను కుట్టేది. ఆ చుట్టుపక్కల రవికలన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. తన డబ్బు తనకుండటం అమ్మకి జీవితంలో అదే మొదలు. పాప వచ్చాక మిషను మీద దుప్పటి కప్పేసింది. మళ్ళీ తియ్యలేదు. "పిల్లని చూస్తావా అమ్మా?" అని నేను అడగలేదు. తెచ్చి ఒళ్ళో పెట్టాను. కూతురు ఉద్యోగం కోసం అమ్మ తన పని మానేసింది. మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ సంపాదన ఒక్కరిదైంది. ఆ లెక్క నాకు ఇరవై ఏళ్ళదాకా తట్టలేదు.

రెండో ఆమె గురించి రాయడం కష్టంగా ఉంది. అమ్మకి సాయంగా ఉయ్యాల ఊపడానికి ఒక పిల్లని పెట్టారు. కూలికి వెళ్ళేవాళ్ళ పెద్దమ్మాయి. తొమ్మిదేళ్ళు. బడి మానిపించి తెచ్చారు. రెండుపూటలా అన్నం, ఏడాదికి రెండు జతల బట్టలు, నెలకి తండ్రి చేతిలో కొంత డబ్బు. నా కూతురు మొదటి అడుగులు వేసింది ఆ పిల్ల వేలు పట్టుకుని. ఆ వయసులో ఆమెని నేను 'పనిపిల్ల' అన్నాను. పిల్ల అని అంటూనే ఆమె పిల్ల అని గుర్తించలేదు. ఆమె పేరు నాకు గుర్తుంది, ఇక్కడ రాయను. ఆడవాళ్ళ సమస్యల మీద మొదటి వ్యాసం నేను రాసింది ఆ రోజుల్లోనే, ఆ తీరికతోనే.

హర్డీ పుస్తకాలతో నా పేచీ ఇక్కడ. ఆమె అమాయకురాలు కాదు. కొండముచ్చుల్లో పిల్లని ఎత్తుకోవడానికి ఎగబడేవి ఎక్కువగా ఇంకా పిల్లల్ని కనని చిన్నవని, అవి అలా నేర్చుకుంటాయని, కొన్నిసార్లు విసిగి నేలమీద వదిలేస్తాయని రాసింది. 1999లో రాసిన 'మదర్ నేచర్'లో, పదిమంది సాయం లేని తల్లి పిల్లని వదిలెయ్యవచ్చని, యూరప్‌లోని అనాథ శిశుగృహాల చరిత్ర తీసి చూపించింది. తల్లిప్రేమ ఆకాశంలోంచి ఊడిపడదు, చుట్టూ ఉన్న చేతుల్ని బట్టి ఉంటుందని ధైర్యంగా చెప్పింది. కానీ ఆ చేతులు ఎవరివి, ఏ కులంవి, ఎంత కూలికి అన్న ప్రశ్న పెట్టుబడి, వ్యూహం, లాభం అనే ఆమె భాషలో ఇమడదు. కొండముచ్చుల్లో ఒక గుంపు పిల్లల్ని పెంచడానికి మరో గుంపు పిల్లల బడి మానిపించడం లేదు. ఆ పని చేసే ప్రైమేట్ మనమే. పరిణామం మనకి పదిమంది అవసరం పెట్టింది. ఆ పదిమందిలో ఎవరికి నిద్ర, ఎవరికి చాకిరీ అన్నది పరిణామం పెట్టలేదు.

2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకి దిగారు. 42 రోజులు సాగింది. మధ్యలో, 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ళమీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవల చట్టం అది. చిత్రంగా లేదూ? 1975 నుంచీ వాళ్ళకి ఇస్తున్నది జీతం కాదు, గౌరవ వేతనం. పిల్లల్ని చూడటం ఆడవాళ్ళకి సహజంగా వచ్చే పని, సేవ అని కదా. పని ఆపేసిన రోజున మాత్రం అది అత్యవసరమైపోయింది. హర్డీ కోతుల మీద వందల పేజీలు రాసి తేల్చిన విషయాన్ని ఎస్మా ఒక్క ఉత్తర్వుతో ఒప్పుకుంది, జీతం మాట ఎత్తకుండా.

ఇప్పుడు మళ్ళీ మా ఇంట్లో ఇదే ప్రశ్న. అమెరికాలో ఉన్న మా అమ్మాయికి ఇది ఎనిమిదో నెల. అక్కడ దేశమంతటికీ జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టం లేదు. 1993 చట్టం ఇచ్చే 12 వారాలూ జీతం లేనివే, అవీ అందరికీ కావు. అందుకే మన విమానాశ్రయాల్లో అమ్మమ్మలు, నానమ్మలు ఆవకాయ, కారప్పొడి పొట్లాలతో వరసలో నిలబడుతుంటారు. ఆరునెలలు ఈమె, ఆరునెలలు ఆమె. హాక్స్ చెప్పిన అమ్మమ్మలు విజిటర్ వీసా మీద వెళ్తున్నారు.

"నువ్వు వస్తావా అమ్మా? నీకు వీలవుతుందా?" అని అడిగింది మా అమ్మాయి. అడిగింది. నేను మా అమ్మని అడగని మాట అది. వస్తానని చెప్పాను, మూడు నెలలే అని కూడా చెప్పాను. ఇక్కడ నాకు చెయ్యాల్సిన పనులున్నాయి. తర్వాత అల్లుడికి ఫోన్ ఇమ్మన్నాను. హర్డీ 2024లో 'ఫాదర్ టైమ్' అని కొత్త పుస్తకం రాసింది. పసిపిల్లని రోజుల తరబడి దగ్గరగా చూసుకునే మగవాళ్ళ ఒంట్లో కూడా హార్మోన్లు మారతాయని, సాకే గుణం వాళ్ళలోనూ ఎప్పటినుంచో దాగి ఉందని, దాన్ని బయటికి తెచ్చేది దగ్గరగా గడిపే సమయమని అందులో చెబుతుంది. తన సొంత అల్లుడు బిడ్డని చూసుకోవడం చూసి మొదలుపెట్టిన పుస్తకం. "బాబూ, మీ ఒంట్లో కూడా ఆ ఏర్పాటు ఉందట, మూడు నెలల తర్వాత మీదే వంతు" అన్నాను. నవ్వాడు. ఏం చేస్తాడో చూడాలి. జీన్ ఆల్ట్‌మన్ పద్ధతిలోనే చూస్తాను, గడియారం పెట్టుకుని.

పెద్దత్తగారికి ఇప్పుడు జవాబు చెప్పగలను. కోతి వదలదు, కొండముచ్చు వదులుతుంది, మనం వదలకపోతే బతకం. ఆ తొమ్మిదేళ్ళ పిల్లకి మాత్రం ఏం చెప్పాలో ఇంకా తెలియదు. ఆమెకిప్పుడు నలభై దాటి ఉంటాయి. ఆమె పిల్లల్ని ఎవరు ఎత్తుకున్నారో?